క్యాంపర్ బండికి గేర్ బాక్స్ కొనే ముందు, ఉన్నదాన్ని విప్పించి చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2014 మోడల్ డీజిల్ ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్, సీట్లు తీసేసి మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించుకుని క్యాంపర్‌గా చేసుకున్నారు. అనంతపురం నుంచి కుటుంబంతో తిరుగుతుంటారు. మొన్న కడప నుంచి రాయచోటి వైపు పోతుంటే గువ్వలచెరువు ఘాట్‌లో మూడో గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లో పడింది. రెండో గేరు అంతకు ముందు నుంచే వేస్తుంటే కరకరమంటోంది, ఇప్పుడు నడుపుతుంటే ఈల లాంటి మోత కూడా మొదలైంది. మెకానిక్ బాక్స్ మార్చేయమన్నాడు. మీ ముందు నాలుగు దారులున్నాయి: తుక్కు బండిలోంచి తీసిన పాత బాక్స్, మనది ఇచ్చి రీకండిషన్ చేసింది తెచ్చుకోవడం, హైవేలో ఇంకాస్త వేగం వస్తుందని ఎవరో చెప్పిన టాటా వింగర్ లాంటి వేరే బండి బాక్స్, లేదా ఉన్నదాన్నే బాగుచేయించడం. ఏది మంచిదని అడిగారు.

నాది కర్నూలు, కల్లూరు వైపు చిన్న షెడ్డు ఉంది. ఇరవై ఆరేళ్లుగా డీజిల్ బండ్ల గేర్ బాక్సులు, వెనక ఇరుసు హౌసింగులే నా పని. అందుకే సూటిగా చెప్తాను. కేసింగ్, అంటే బాక్స్ బయటి పెంకు, బాగుంటే మీ బాక్స్‌నే విప్పి చేయించుకోండి. కేసింగ్ పగిలినా, బేరింగు కూర్చునే చోటు తినేసినా, అదే నంబరున్న రీకండిషన్ బాక్స్ తీసుకోండి, కానీ మూత తీసి లోపల చూపించాకే. తుక్కు బాక్స్ మూడో దారి, దానికి పరీక్షలున్నాయి, కింద రాస్తాను. వేరే బండి బాక్స్ మాత్రం వద్దు. ఎందుకు వద్దో కూడా వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే.

అయితే ముందు, తప్పు నిజంగా గేర్ బాక్స్‌దేనా అన్నది తేల్చుకోవాలి. బాక్స్ దించి మార్చి మళ్లీ ఎక్కించాక కూడా అదే మోత వినపడితే మనిషి ఎంత కుంగిపోతాడో నేను చాలాసార్లు చూశాను.

బండి ఆపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, న్యూట్రల్‌లో క్లచ్ వదిలేసి వినండి. మోత వస్తూ ఉండి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అది ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) బేరింగు గానీ కౌంటర్ షాఫ్ట్ (లోపల దానికి జతగా తిరిగే పళ్ల కడ్డీ) బేరింగులు గానీ. అలా కాకుండా క్లచ్ తొక్కినప్పుడే మోత మొదలైతే అది క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు, గేర్ బాక్స్‌కు సంబంధం లేదు. తర్వాత రోడ్డు మీద ఒక్కో గేరులో వినండి. మన వెనక చక్రాల డ్రైవ్ ఉన్న ఐదు గేర్ల బాక్సుల్లో చాలావాటికి నాలుగో గేరు డైరెక్ట్, అంటే ఇంజన్ తిరిగినంతే ప్రొపెల్లర్ షాఫ్ట్ (బాక్స్ నుంచి వెనక ఇరుసుకు పోయే కడ్డీ) తిరుగుతుంది, బలం కౌంటర్ షాఫ్ట్ మీదుగా పోదు. కాబట్టి ఒకటి, రెండు, మూడు, ఐదు గేర్లలో ఈల వస్తూ నాలుగులో తగ్గిపోతే కౌంటర్ షాఫ్ట్ పళ్లో దాని బేరింగులో పోయాయని అర్థం. అన్ని గేర్లలోనూ ఒకేలా వస్తూ బండి వేగంతో పాటు పెరిగితే, న్యూట్రల్‌లో దొర్లించినా వస్తుంటే, బాక్స్‌ను కాసేపు పక్కన పెట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ సెంటర్ బేరింగు, క్రాసులు (దాని కీళ్లు), వెనక ఇరుసులోని క్రౌన్ గేర్లు చూడండి.

రెండో గేరు కరకరకు ఇంకో పరీక్ష. క్లచ్ పూర్తిగా తొక్కి, అయిదారు సెకన్లు ఆగి, అప్పుడు రివర్స్ వేయండి. అంతసేపు ఆగాక కూడా గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. హైడ్రాలిక్ లైన్లో గాలి ఉండొచ్చు, ప్లేటు వంగి ఉండొచ్చు, ఇంజన్ వెనకుండే బరువు చక్రం, అంటే ఫ్లైవీల్, మధ్యలో ఉండే పైలట్ బేరింగు పట్టేసి ఉండొచ్చు. అలాంటి బండిలో కొత్త బాక్స్ పెట్టినా నాలుగు నెలల్లో కొత్త సింక్రో రింగులు (గేరు పడేముందు వేగాలను సమం చేసే ఇత్తడి రింగులు) కూడా తినేస్తుంది. రివర్స్ మెత్తగా పడి, రెండో గేరు ఒక్కటే కరకరమంటే అది రెండో గేరు సింక్రో. మూడో గేరు జారడానికి స్లీవ్ (జరిగి గేరును పట్టుకునే రింగు), గేరు పక్కనుండే చిన్న పళ్లు అరగడం ముఖ్య కారణం. కానీ గేర్ బాక్స్ కింది మౌంటింగ్ రబ్బరు చిరిగిపోయినా, బాక్స్‌ను ఇంజన్‌కు కలిపే బెల్ హౌసింగ్ బోల్టులు వదులైనా ఘాట్‌లో బరువు మీద ఇంజన్ ఊగి గేరు బయటికి వస్తుంది. మౌంటింగ్ చూడటానికి బండి కింద దూరి ఒక రాడ్డు పెట్టి ఎత్తి చూస్తే చాలు, పది నిమిషాల పని.

ఇవన్నీ అయ్యాక ఆయిల్ దించండి. దీనికి మాత్రం మీరు దగ్గరుండాలి. బండి ఒక పది కిలోమీటర్లు నడిపి వచ్చి, ఆయిల్ వెచ్చగా ఉన్నప్పుడే శుభ్రమైన తెల్ల బేసిన్ కింద పెట్టి డ్రెయిన్ నట్టు విప్పించండి. ఆ నట్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద పేరుకున్నది వేలితో తీసి చూడండి. బూడిద రంగు ముద్దలాగా, వేళ్ల మధ్య రుద్దితే గ్రీజులా మెత్తగా ఉంటే మామూలు అరుగుదల, దానికి టెన్షన్ పడక్కర్లేదు. వేలికి గుచ్చుకునే సన్నటి ఇనుప పీలికలు ఉంటే బేరింగు పెచ్చులు లేస్తోంది. పంటి ముక్క దొరికితే ఆ బండిని ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దు. ఇప్పుడు బేసిన్‌లో ఆయిల్‌ను ఎండలో అటూ ఇటూ వంచి చూడండి, పసుపు చల్లినట్టు బంగారు మెరుపు తేలుతుంటే అది ఇత్తడి, అంటే సింక్రో రింగులు. మీరు చెప్పిన లక్షణాలకు మెరుపూ, పీలికలూ రెండూ కనపడతాయని నా అంచనా. బేసిన్‌ను, నట్టును వెలుగులో ఫోటో తీసి పెట్టుకోండి, ఏ మెకానిక్ దగ్గరికి పోయినా ఉపయోగపడుతుంది.

బండిని అనంతపురం నుంచి ఎక్కడికైనా లాక్కెళ్లాల్సి వస్తే ఒక జాగ్రత్త. ఇంజన్ ఆపి వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లుతుంటే మెయిన్ షాఫ్ట్ తిరుగుతుంది గానీ ఆయిల్‌ను పైకి చల్లే కౌంటర్ షాఫ్ట్ తిరగదు. లోపల ఎండిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేసి లాగండి, లేకపోతే లారీ మీద ఎక్కించండి.

ఇక అసలు ఎంపిక సంగతి.

"ట్రావెలర్ బాక్స్ కావాలి" అని తుక్కు కొట్లో అడిగితే ట్రావెలర్ బాక్సే ఇస్తారు, అబద్ధం చెప్పరు. కానీ ట్రావెలర్ అన్నది 1987 నుంచి వస్తున్న బండి. బజాజ్ టెంపో పేరుతో మొదలై, 2005లో కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్ అయ్యాక కూడా కొనసాగుతూ వచ్చింది. ఇన్నేళ్లలో ఇంజన్లు మారాయి, టర్బో వచ్చింది, కామన్ రైల్ వచ్చింది, బాక్సులూ మారాయి. బయటికి ఒకేలా కనిపించే రెండు బాక్సుల్లో ఇన్‌పుట్ షాఫ్ట్ పొడవు, దాని మీద పళ్ల లెక్క, లోపలి గేర్ల నిష్పత్తులు (వెనక షాఫ్ట్ ఒక చుట్టుకు ముందు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) తేడా ఉండొచ్చు. అందుకే పేరును కాదు, కేసింగ్ మీద ఉన్న ప్లేటును, పోతలో వచ్చిన నంబర్లను నమ్మండి. వైర్ బ్రష్‌తో మట్టి, గ్రీజు రుద్ది, డీజిల్‌తో తుడిచి, సుద్దపొడి రాస్తే అక్షరాలు తేలతాయి.

ఈ బండ్లకు మెర్సిడెస్ మూలం ఉంది కాబట్టి ఆ నంబరు చదివే పద్ధతి కూడా తెలుసుకుంటే మంచిది. మెర్సిడెస్ వాణిజ్య బండ్ల బాక్సుల మీద జీ 60-6/9.2-1.0 లాంటి రాత ఉంటుంది. జీ అంటే గేర్ బాక్స్. తర్వాతి 60 అది మోయగల టార్క్ (తిప్పే బలం) తరగతి, సుమారు 600 న్యూటన్ మీటర్లు. 6 అంటే ముందుకు ఆరు గేర్లు. ఏటవాలు గీత తర్వాత 9.2 మొదటి గేరు నిష్పత్తి, 1.0 పైగేరు నిష్పత్తి. ఫోర్స్ వాళ్ల జీపు లాంటి బండి గూర్ఖాలో వచ్చే జీ-28 కూడా ఈ వంశానిదే. ఆ పేరు విని "ఇదీ ఫోర్స్ బండే కదా, పడుతుంది" అనుకుని గూర్ఖా బాక్స్ కొనేవాళ్లుంటారు. గూర్ఖా నాలుగు చక్రాల డ్రైవ్ బండి, దాని బాక్స్ వెనక ముందు చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది, మనకు నేరుగా ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. అందువల్ల తోక వైపు ఒకేలా ఉంటుందని అనుకోవడానికి లేదు. మీకు చెప్పిన వింగర్ బాక్స్ ఇంకా దూరం. వింగర్ ముందు చక్రాలతో నడిచే బండి, దాని బాక్స్‌లోనే రెండు చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ కలిసి ఉంటుంది. అది మన బండికి ఏ రకంగానూ పట్టదు, ఆ సలహా ఇచ్చిన ఆయన రెండు బండ్ల కిందికీ దూరి చూసి ఉండరు.

కొనాల్సి వస్తే, మీ పాత బాక్స్‌ను పక్కన పెట్టుకుని వెర్నియర్‌తో ఇవి కొలవండి. ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్ (క్లచ్ ప్లేటులో కూర్చునే గాళ్లు) పళ్లు ఎన్ని, దాని లావు ఎంత, బెల్ హౌసింగ్ ముఖం నుంచి షాఫ్ట్ కొన దాకా పొడవు ఎంత, కొనన పైలట్ బేరింగులోకి పోయే ముక్కు లావు ఎంత, ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే వెనక ఫ్లాంజ్ బోల్టుల మధ్య దూరం, మౌంటింగ్ చెవులు, గేర్ లివర్ వచ్చే చోటు, రివర్స్ లైటు స్విచ్చు, స్పీడోమీటర్ కేబులా సెన్సారా. ఫ్లైవీల్ కూడా చూడండి, మామూలు దిమ్మె ఫ్లైవీలా, లోపల స్ప్రింగులున్న రెండు భాగాల ఫ్లైవీలా అన్నదాన్ని బట్టి క్లచ్ ప్లేటు మారుతుంది.

ఈ కొలతల మీద ఇంత పట్టు ఎందుకంటే, నేను షెడ్డు పెట్టిన మూడో ఏడు ఒక యాత్రల బండికి తుక్కు బాక్స్ ఎక్కించాం. బోల్టులన్నీ చక్కగా కూర్చున్నాయి, గేర్లన్నీ పడ్డాయి, యజమాని సంతోషంగా శ్రీశైలం బయల్దేరాడు. ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు పాతదాని కన్నా ఓ వేలి మందం తక్కువ పొడవు ఉంది, అది పైలట్ బేరింగులోకి సగమే దిగింది. ఎక్కించేముందు రెండు షాఫ్టులు పక్కపక్కన పెట్టి చూసి ఉంటే తెలిసిపోయేది, చూడలేదు. ఆత్మకూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుండగా ముందు బేరింగు వదిలేసింది. రాత్రి పూట అడవిలో పిల్లలతో, పెద్దవాళ్లతో ఇరవై మంది రోడ్డు పక్కన కూర్చున్నారు. తప్పు మాదే, మళ్లీ మొత్తం పని ఉచితంగా చేసిచ్చాను, కానీ ఆ రాత్రి వాళ్లు పడిన ఇబ్బందిని వెనక్కి తీసుకోలేను కదా. అప్పటి నుంచి కొలవకుండా బాక్స్ ఎక్కించింది లేదు.

ఇప్పుడు నిష్పత్తుల మాట. హైవేలో ఇంకాస్త వేగం కావాలన్నారు, బెంగళూరు రోడ్డు మీద, అంటే 44వ నంబరు హైవే మీద, ఆ కోరిక సహజమే. లెక్క చేసి చూద్దాం. 215/75 ఆర్15 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.21 మీటర్లు పోతుంది. గంటకు 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1333 మీటర్లు, అంటే చక్రం నిమిషానికి సుమారు 603 చుట్లు. మీ వెనక క్రౌన్ నిష్పత్తి 3.9 అనుకుందాం, ఉదాహరణకే. డైరెక్ట్ గేరులో ఇంజన్ సుమారు 2350 తిరుగుతుంది. పైగేరు నిష్పత్తి 0.8 ఉంటే సుమారు 1880. తేడా పెద్దదే, మోత తగ్గుతుంది, డీజిల్ కూడా కొంత ఆదా అవుతుంది. కానీ మొదటి గేరు నిష్పత్తి మీ బాక్స్‌లో 5 ఉండి, మార్చే బాక్స్‌లో 4 ఉంటే, ఘాట్‌లో నిలబడిన బండిని కదిలించే బలం అయిదో వంతు తగ్గిపోతుంది. నీళ్లు, బ్యాటరీలు, గ్యాసు, కుటుంబం అన్నీ ఎక్కించుకుని హార్స్‌లీ హిల్స్ మలుపులో ఎదురుగా బస్సు వచ్చి ఆగాల్సి వస్తే, మళ్లీ కదలడానికి క్లచ్‌ను కాల్చాల్సిందే. క్యాంపర్ ఎప్పుడూ నిండు బరువుతోనే తిరుగుతుంది. ప్యాసింజర్ బండి సగం ట్రిప్పులు ఖాళీగా వస్తుంది, మనకు ఆ విరామం లేదు. అందుకే నా మాట, మొదటి గేరు విషయంలో రాజీ పడకండి.

మీ క్రౌన్ నిష్పత్తి తెలుసుకోవడం ఇంట్లోనే చేయొచ్చు. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి గట్టి స్టాండ్ల మీద నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వదలండి. జాకీ మీద నిలిపి కిందికి దూరొద్దు. టైరు మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, ఇద్దరు మనుషులు రెండు చక్రాలూ కలిపి ఒక చుట్టు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ నిష్పత్తి. ఒక్క చక్రమే లేపితే ఆ చక్రాన్ని రెండు చుట్లు తిప్పాలి, రెండోది నేల మీద ఆగి ఉంటుంది కాబట్టి.

తుక్కు బాక్స్‌ను పరీక్షించడం కూడా ఇదే తీరు. నా షెడ్డులో గోనెసంచి పరిచి బాక్స్‌ను దాని మీద పెడతాం. ఇన్‌పుట్ షాఫ్ట్ మీద ఒక సుద్ద గీత, వెనక ఫ్లాంజ్ మీద ఒకటి. మొదటి గేరు వేసి, వెనక ఫ్లాంజ్ ఒక చుట్టు పూర్తయ్యే దాకా ముందు షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ లెక్కపెడతాం. అయిదు చుట్లా, నాలుగూ ముప్పావా, అక్కడే తెలిసిపోతుంది. పైగేరుకు మాత్రం ఫ్లాంజ్ పది చుట్లు తిరిగే దాకా లెక్కపెట్టండి, ముందు షాఫ్ట్ ఎనిమిది తిరిగితే నిష్పత్తి 0.8. తిప్పుతున్నప్పుడు చేతికి తెలిసేది చెవికి కూడా తెలియదు. ఏ గేరులోనైనా ఒకే చోట ప్రతి చుట్టుకూ చిన్న తట్టు తగులుతుంటే పన్ను విరిగిందో, బేరింగు గుంట పడిందో అయి ఉంటుంది, ఆ బాక్స్ వదిలేయండి. ఇన్‌పుట్ షాఫ్ట్ పక్కలకు కొంచెం ఊగితే భయపడొద్దు, బండిలో దాని కొనను పైలట్ బేరింగు పట్టుకుంటుంది. ముందుకూ వెనక్కూ లాగితే కదలకూడదు. వెనక ఫ్లాంజ్ ఎటూ ఊగకూడదు.

మూత తీయడానికి ఒప్పుకోని కొట్లో కొనకండి. కడిగేసి, వెండి రంగు పూసి మెరిపించిన బాక్స్ కన్నా, జిడ్డు పట్టి లోపల పాత ఆయిల్ ఉన్న బాక్సే నాకు నమ్మకం, ఆయిల్‌లో దాని చరిత్ర ఉంటుంది. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా, బూడిదగా ఉంటే నీళ్లు దూరాయి. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు పైనుండే బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) గుండా నీళ్లు దూరిన బాక్సులు మా షెడ్డుకు వరసగా వచ్చాయి. ఆయిల్ మార్చి నడిపినవాళ్లకు మొదట ఏమీ తెలియలేదు, కొన్ని నెలలు పోయాక ఒక్కొక్కటే మోత మొదలుపెట్టింది, విప్పితే బేరింగు దారిలో చీమ తలంత తుప్పు గుంటలు. వరద ఎక్కడ వచ్చినా ఆ బండ్లు తర్వాత తుక్కు కొట్లకు చేరతాయి. ఇంకొకటి, బిల్లు తీసుకోండి, ఏ బండిలోంచి తీశారో ఛాసిస్ నంబరు రాయించుకోండి. ఆర్‌సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి గానీ గేర్ బాక్స్ నంబరు ఉండదు, అందువల్ల అదే రకం బాక్స్ మార్చుకున్నందుకు ఆర్‌సీలో రాయించాల్సింది ఏమీ లేదు. కానీ దొంగ బండి సామాను అని తేలితే బిల్లే మీకు ఆధారం.

రీకండిషన్ బాక్స్ అయితే ఒకే ప్రశ్న అడగండి: "ఏమేం మార్చారు, పాత సామాను చూపించండి." నిజంగా పని చేసినవాళ్ల దగ్గర తీసేసిన బేరింగులు, రింగులు ఒక డబ్బాలో ఉంటాయి. మనది ఇచ్చి వాళ్లది తెచ్చుకునే పద్ధతిలో ఒక నష్టం ఉంది, మీ బాక్స్ ఎంత నడిచిందో, ఏ ఆయిల్ తాగిందో మీకు తెలుసు, వాళ్లదాని సంగతి తెలియదు. పైగా మీ కేసింగ్ మంచిదై, వాళ్లది మూడుసార్లు విప్పిన పాతదై ఉండొచ్చు.

అందుకే నేను మీ బాక్స్‌నే చేయించమంటున్నాను. విజయవాడ ఆటోనగర్ అయినా, మన కర్నూలు అయినా, అనంతపురం అయినా పర్వాలేదు, గేర్ బాక్స్ పనే రోజూ చేసే మనిషి కావాలి. అన్ని పనులూ చేసే షెడ్డులో బాక్స్ దించి, విప్పకుండానే అలాంటి మనిషి దగ్గరికి పంపించండి. విప్పిన రోజు మీరు వెళ్లండి. కౌంటర్ షాఫ్ట్ పళ్లే ఖర్చును తేలుస్తాయి. అవి నున్నగా, పెచ్చులు లేకుండా ఉంటే పని చిన్నదే: అన్ని బేరింగులు, అన్ని సింక్రో రింగులు, రెండో, మూడో గేర్ల స్లీవులు, ఆయిల్ సీళ్లు, సర్‌క్లిప్‌లు, సెలెక్టర్ స్ప్రింగులు. పళ్లు పెచ్చులు లేచి ఉంటే దానితో జతగా తిరిగే గేరును కూడా మార్చాలి, పాత పన్ను మీద కొత్త పన్ను పెడితే మోత పోదు, కొత్తదీ చెడుతుంది. ఆ మొత్తం కలిపి కొత్త బాక్స్ ధరలో సగం దాటితే అప్పుడు రీకండిషన్ వైపో కొత్తదాని వైపో ఆలోచించండి.

సింక్రో రింగును గేరు కోను మీద పెట్టి చేత్తో నొక్కి తిప్పి చూడండి. మంచిదైతే పట్టుకుంటుంది, గేరుతో పాటే తిరుగుతుంది. జారిపోతుంటే దాని పని అయిపోయింది. రింగుకూ గేరు పళ్లకూ మధ్య సన్నటి సందు ఉండాలి, అరిగేకొద్దీ అది మూసుకుపోతుంది. రెండో గేరు రింగు చెడిందని అదొక్కటే మారుస్తామంటారు కొందరు. బాక్స్ దించే కూలీ రెండోసారి ఇవ్వడం ఇష్టమైతే తప్ప ఒప్పుకోవద్దు.

కేసింగ్‌లో బేరింగు వదులుగా కూర్చుంటుంటే చుట్టూ పంచ్ కొట్టి బిగించేవాళ్లుంటారు. దయచేసి అది చేయనివ్వకండి. ఆ చుక్కలు కొన్ని వేల కిలోమీటర్లలో చదునైపోతాయి, బేరింగు మళ్లీ తిరుగుతుంది, ఈసారి షాఫ్టులు రెండూ ఒకదానికొకటి దూరం జరిగి కొత్త పళ్లు కూడా పోతాయి. మంచి లేత్ షాపులో బోరు చేసి బుష్ వేయించొచ్చు, అది కుదరకపోతే కేసింగ్ మార్చాలి.

ఆయిల్ గురించి చాలామంది పట్టించుకోరు. 80డబ్ల్యూ-90 అని ఉంటే చాలనుకుంటారు, దాని పక్కన జీఎల్-4, జీఎల్-5 అని ఇంకో రాత ఉంటుంది. జీఎల్-5 వెనక క్రౌన్‌కు మంచిది, అందులో గంధకం, భాస్వరం కలిపిన మందు ఎక్కువ, అలాంటి ఆయిళ్లలో కొన్ని ఇత్తడిని తింటాయి, పైగా రింగు గేరును పట్టి ఆపాల్సిన చోట జారనిస్తాయి. మీ బండి పుస్తకంలో బాక్స్‌కు ఏది రాసి ఉంటే అదే పోయండి, హౌసింగుకు తెచ్చిన డబ్బాలో మిగిలింది ఇందులో పోయనివ్వకండి. బండి సమంగా నిలబెట్టి, పక్కనున్న నింపే రంధ్రం అంచు దాకా వస్తే సరిపోతుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే తీసి ఊదండి, మన ఎండలకు లోపల వేడెక్కి ఒత్తిడి పెరిగితే కొత్త సీలు కూడా కారుతుంది.

ఎక్కించేటప్పుడు బాక్స్ బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడకూడదు, కింద జాకీ ఉండాలి. షాఫ్ట్ క్లచ్ ప్లేటులోకి దూరాక సగంలో వదిలేసి టీకి పోతే ప్లేటు మధ్య భాగం వంగుతుంది, తర్వాత ఎంత సర్దినా క్లచ్ పూర్తిగా విడవదు. చేత్తో తోస్తే బెల్ హౌసింగ్ ఇంజన్‌ను అంటాలి, బోల్టులు బిగించి లాగాల్సి వస్తే ఏదో అడ్డుందని అర్థం. పైలట్ బేరింగు, రిలీజ్ బేరింగు, ఇంజన్ వెనక ఆయిల్ సీలు, మౌంటింగ్ రబ్బర్లు ఇప్పుడే మార్పించండి. క్లచ్ ప్లేటు సగం అరిగి ఉన్నా సెట్టు మొత్తం మార్చమనే చెప్తాను. మొదటి అయిదారు వందల కిలోమీటర్లు మెల్లగా నడిపి, వెయ్యి కిలోమీటర్లు కాగానే ఒకసారి ఆయిల్ మార్చండి, నేను చేసిన ప్రతి బాక్స్‌కూ అలాగే చేయిస్తాను.

చివరగా బండి బరువు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి లారీల కోసం కాటాలు ఎన్నో ఉన్నాయి, ట్యాంకు నింపి, సామానుతో, అందరూ ఎక్కి ఒకసారి తూకం వేయించండి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువుతో పోల్చి చూడండి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు, మంచాల కింద ప్లైవుడ్, బ్యాటరీలు కలిస్తే ఎంతవుతుందో చాలామందికి లెక్క ఉండదు. క్యాంపర్ మార్పును ఆర్‌సీలో ఎక్కించకపోతే అది కూడా చూసుకోండి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది అడుగుతారు. బరువు దాటి ఉంటే ఘాట్‌కు ముందు ట్యాంకు సగమే నింపుకోండి, పైన నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. నడిపేటప్పుడు గేర్ రాడ్డు మీద చెయ్యి పెట్టి కూర్చునే అలవాటుంటే మానుకోండి, ఆ కొద్ది ఒత్తిడికే లోపల స్లీవ్‌ను జరిపే ఫోర్కు దాన్ని రాసుకుంటూ అరుగుతుంది. మీ మూడో గేరు జారడంలో దానికీ కొంత వాటా ఉండొచ్చు.

ఈ వారంలో ముందు క్లచ్, మౌంటింగ్ పరీక్షలు చేసి, ఆయిల్ దించండి అన్నా. నట్టు ఫోటో, బేసిన్ ఫోటో, కేసింగ్ మీది నంబరు ఫోటో మూడూ ఇక్కడ పెట్టండి. అంతవరకు ఏ కొట్టుకూ అడ్వాన్స్ ఇవ్వకండి, పాత బాక్స్‌ను ఎవరికీ అప్పగించకండి.